ముఖంలో ప్లేట్లు: ఎప్పుడు తీయాలి, ఎప్పుడు వదిలేయాలి

అందరికీ నమస్కారం.

ముఖం ఎముకలు విరిగి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారని తెలిసింది. అందుకని మీరు ఓపీలో కూర్చుని నన్ను అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "డాక్టర్ గారూ, ఎముక అతుక్కుందన్నారు కదా, మరి లోపలున్న ప్లేట్లు తీయించుకోవాలా, అలా ఉంచేయొచ్చా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. ప్లేటు టైటానియం అనే లోహంతో చేసిందై, ఎముక గట్టిగా అతుక్కుని, మీకు ఏ ఇబ్బందీ లేకపోతే దాని జోలికి వెళ్లొద్దు. ఇబ్బంది పెడుతుంటే మాత్రం మాటిమాటికీ మందులు మింగుతూ నెట్టుకురావొద్దు, తీయించేయండి. చెప్పడానికి ఇది చిన్న మాటే. దేన్ని ఇబ్బంది అనాలి, ఎంతవరకు ఆగొచ్చు, తీయడంలో ఏముంటుంది అనేవి తెలియక చాలామంది టెన్షన్ పడుతుంటారు. కొందరు అవసరం లేని ఆపరేషన్ కోసం తిరుగుతారు. ఇంకొందరు అవసరం ఉన్నా ఏళ్ల తరబడి భరిస్తారు. ఈ రెండో రకం వాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు.

అసలు ఆ ప్లేటు మీ ముఖంలో ఏం చేసిందో ముందు చూద్దాం. ప్లేట్లు రాకముందు దవడ విరిగితే పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో కలిపి కట్టేసేవాళ్లు. నాలుగు నుంచి ఆరు వారాలు నోరు తెరుచుకోదు. స్ట్రాతోనో చెంచాతోనో పట్టే ద్రవాలే ఆహారం. మనిషి చిక్కిపోయేవాడు, పళ్లు తోముకోవడానికి కూడా ఉండేది కాదు. ఇప్పటికీ కొన్ని రకాలుగా విరిగిన దవడలకు అలా కడతాం, కానీ ఎక్కువమందికి ఆ అవస్థ తప్పింది. 1970లలో ఫ్రాన్స్‌లో మిషెలే అనే సర్జన్ చిన్న ప్లేట్లు వాడి చూపించాడు. ఆ తర్వాత స్ట్రాస్‌బర్గ్‌లో మాక్సిమ్ షాంపీ, ఆయన బృందం దానికి ఒక లెక్క కట్టారు. మనం నమిలేటప్పుడు కింది దవడ పై అంచు విడిపోవడానికి లాగుతుంది, కింది అంచు నొక్కుకుంటుంది. విడిపోయే వైపు ఒక సన్నటి ప్లేటు పెట్టి పట్టుకుంటే చాలు, నొక్కుకునే వైపు ఎముక తనను తానే చూసుకుంటుంది. దవడ మూలలో ఒక ప్లేటు సరిపోతుంది. గడ్డం దగ్గర మెలి తిరిగే బలాలు కూడా ఉంటాయి కాబట్టి అక్కడ రెండు కావాలి. ప్లేటు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. స్క్రూలు ఎముక బయటి పొరలోకే వెళ్తాయి. ఇదంతా నోటి లోపలి నుంచే, ముఖం మీద గాటు లేకుండా చేయొచ్చు.

ఈ పద్ధతిలో గొప్ప మేలుంది, ఒక చిక్కూ ఉంది. విడిపోయే అంచు అంటే పళ్లకు దగ్గరగా ఉండే అంచు. అక్కడ ప్లేటుకూ మీ నాలుకకూ మధ్య ఉండేది పల్చటి చిగురు పొర ఒక్కటే. లాలాజలం, క్రిములు, మెతుకులు ఎప్పుడూ పక్కనే. ముఖంలో మిగతా చోట్ల పెట్టిన ప్లేట్ల కన్నా కింది దవడ ప్లేట్లే ఎక్కువగా తీయాల్సి రావడానికి పెద్ద కారణం ఇదే. దానికి తోడు ముఖంలో కదిలే ఎముక అదొక్కటే. రోజంతా మాట్లాడుతూ, నములుతూ, మింగుతూ దాన్ని మనం వాడుతూనే ఉంటాం.

ఆ ప్లేటు పని ఎన్నాళ్లు? కింది దవడ ఆరు వారాలకు నమలడానికి పనికొచ్చేంత అతుక్కుంటుంది. లోపల ఎముక పూర్తిగా ముదిరి సర్దుకోవడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. ఆ తర్వాత ప్లేటుకు పని లేదు. పని లేని లోహం ఒంట్లో ఎందుకు అని మీకు అనిపించడం సహజమే. సర్జన్లకూ అదే అనిపించింది. 1886లో హాంబర్గ్‌లో హాన్స్‌మాన్ అనే సర్జన్ ఎముకకు ప్లేటు బిగించే పద్ధతిని మొదటిసారి ప్రచురించినప్పుడు, ప్లేటు కొస, స్క్రూల కాడలు చర్మం బయటికి పొడుచుకు వచ్చేలా పెట్టాడు. ఎముక అతికాక సులువుగా లాగేయడానికి! అంటే ప్లేటు పుట్టినప్పుడే దాన్ని తీసేయాలన్న ఆలోచనా పుట్టింది. చర్మంలో ఆ కంతలగుండా ఏమేం లోపలికి పోయి ఉంటాయో మీరే ఊహించుకోండి. కానీ ఆయన దృష్టిలో ప్లేటు వచ్చి వెళ్లే అతిథి.

1991లో స్ట్రాస్‌బర్గ్ ఎముకల పరిశోధన బృందం కూర్చుని ఇదే విషయం చర్చించి ఒక అభిప్రాయం ప్రకటించింది. పని అయిపోయిన ప్లేటు హాని చేస్తుందని రుజువు లేదు, చేయదని ఖాయంగానూ చెప్పలేం, రోగికి అనవసరమైన ముప్పు లేకుండా తీయగలిగితే తీయడం మంచిదే అని దాని సారాంశం. చాలా జాగ్రత్తగా చెప్పిన మాట అది. అప్పటి నుంచీ సర్జన్లు రెండు దారుల్లో నడుస్తున్నారు. కొందరు అందరికీ తీసేస్తారు, కొందరు ఇబ్బంది ఉంటేనే తీస్తారు. నేను రెండో దారి మనిషిని. ఎందుకంటే ఆ వాక్యంలో అసలు బరువంతా 'అనవసరమైన ముప్పు లేకుండా' అన్న చోట ఉంది. తీయడం కూడా ఆపరేషనే. మళ్లీ మత్తు, మళ్లీ గాటు. మొదటిసారి తప్పించుకున్న నరం దగ్గరికి మళ్లీ కత్తి తీసుకెళ్లాలి, ఈసారి గట్టిపడ్డ మచ్చ కండలోంచి.

టైటానియం ఎందుకు అంత నెమ్మదిగా ఉంటుందో కూడా చెప్తాను, మీలో చాలామందికి తుప్పు భయం ఉంది కాబట్టి. టైటానియానికి గాలి తగలగానే ఉపరితలం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అదే దానికి కవచం. గీత పడ్డా మళ్లీ వెంటనే ఏర్పడుతుంది. ఒంట్లోని ఉప్పు ద్రవాలు దాన్ని దాటి లోహాన్ని తినలేవు. అలాగని లోహం ఆనవాలే ఉండదని చెప్పను. కొన్నిసార్లు ప్లేటు తీసినప్పుడు చుట్టూ కండ కాస్త నల్లగా, బూడిద రంగులో కనిపిస్తుంది. అవి స్క్రూ తలా ప్లేటూ ఒరుసుకున్నప్పుడు రాలిన సూక్ష్మమైన టైటానియం రేణువులు. వాటివల్ల జబ్బు వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. పాత స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేట్ల సంగతి వేరు. వాటిలో నికెల్ ఉంటుంది, కొందరికి నికెల్ పడదు, ఏళ్లు గడిచేకొద్దీ స్టీలు నెమ్మదిగా కరుగుతుంది కూడా. పూర్వం స్టీలు ప్లేట్లు పెట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి చూపించుకోండి.

టైటానియానికి ఇంకో గుణం ఉంది. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి రక్తప్రసరణ గమనించాడు. పని అయ్యాక గొట్టం తీసి మళ్లీ వాడుకుందామని చూస్తే ఊడి రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. ఇవాళ మీకు పెడుతున్న పళ్ల ఇంప్లాంట్లన్నీ ఆ గమనింపు మీద నిలబడ్డవే. మా చేతిలో ఉన్న ప్లేటుకూ అదే వర్తిస్తుంది. ఏ గుణం వల్ల ఒళ్లు దాన్ని పరాయిగా చూడదో, ఆ గుణం వల్లే ఏళ్ల తర్వాత తీయడం కష్టమవుతుంది. కాబట్టి తీయాల్సిన కారణం ఉందని తేలినప్పుడు 'చూద్దాం, వచ్చే ఏడాది చేయిద్దాం' అనుకుంటూ పోవద్దు.

ఇక కారణాల్లోకి వద్దాం. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇన్ఫెక్షన్.

ఇది ఎలా మొదలవుతుందో గుర్తుపట్టండి. ఆపరేషన్ అయి కొన్ని వారాలో, నెలలో, ఒక్కోసారి ఏళ్లో గడిచాక దవడ దగ్గర కాస్త బరువుగా, సలుపుగా అనిపిస్తుంది. పొద్దున లేవగానే నోట్లో ఉప్పగా, చేదుగా ఏదో రుచి. అద్దంలో చూసుకుంటే చిగురు మీద చిన్న ఎర్రటి పొక్కు. వేలితో నొక్కితే చీము చుక్క. మందుల షాపుకెళ్లి యాంటీబయాటిక్ వాడితే వారంలో తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకుంటారు. నెల తిరిగేసరికి అదే చోట అదే పొక్కు. మళ్లీ అదే మాత్ర. ఇలా సంవత్సరాలు నడిపినవాళ్లను చూశాను. కొందరికి చివరికి దవడ కింద చర్మం లోంచి కన్నం పడి చీము కారుతూ వస్తారు.

మందు ఎందుకు పూర్తిగా పనిచేయదంటే, క్రిములు లోహం మీద విడివిడిగా ఉండవు. నీళ్ల తొట్టి గోడకు పట్టే పాచిలా ఒక జిగురు పొర కట్టుకుని అందులో కాపురం పెడతాయి. మందు రక్తంలో వచ్చి చుట్టుపక్కల కండలోకి చేరిన క్రిముల్ని చంపుతుంది, అందుకే వాపు తగ్గుతుంది. పొర లోపలికి దాని బలం చాలదు, లోహానికి రక్తప్రసరణ ఉండదు కదా. ఆ పొర పోవాలంటే అది పట్టుకున్న లోహమే పోవాలి. ఇది మీరు గట్టిగా గుర్తుంచుకోవాలని నా కోరిక. ఒకే చోట చీము రెండోసారి వచ్చిందంటే మూడోసారి మందు కోసం వెళ్లొద్దు, సర్జన్ దగ్గరికి వెళ్లండి.

అక్కడ సర్జన్ ముందు చూసేది ఎముక అతికిందా లేదా అని. అతికి ఉంటే దారి సులువు. ప్లేటు, స్క్రూలు తీసి, చుట్టూ ఉన్న చెడు కండ గీకి శుభ్రం చేసి కుట్టేస్తే చాలా మందికి అక్కడితో సమస్య తీరిపోతుంది. అతకకముందే చీము పడితే మాత్రం తొందరపడి ప్లేటు పీకకూడదు. స్క్రూలు గట్టిగా ఉండి విరిగిన ముక్కలు కదలకుండా ఉంటే చీము బయటికి తీసి, మందులు ఇస్తూ, ఎముక అతికేదాకా ప్లేటును కాపాడుకుని తర్వాత తీస్తాం. ఎముక ముక్కలు కదలకుండా ఉంటే చీము ఉన్నా అతుక్కోగలవు, కదులుతుంటే అతకవు. స్క్రూ వదులై ముక్కలు కదులుతుంటే ఆ ప్లేటు ఇక దండగే. దాన్ని తీసి ఇంకా బలమైనదాన్ని, ఆరోగ్యంగా ఉన్న ఎముకలోకి దూరంగా స్క్రూలు వేసి బిగించాలి. నిజానికి చీము పట్టిన ప్లేట్లలో చాలావాటికి మూలం ఒక వదులు స్క్రూ. డ్రిల్ చేసేటప్పుడు నీళ్లు సరిగ్గా పోయకపోతే ఎముక వేడికి చచ్చి స్క్రూ చుట్టూ కరిగిపోతుంది. లేదా స్క్రూ సరిగ్గా ఎముక విరిగిన గీత పక్కనే పడి ఉంటుంది. లేదా ఆ విరిగిన గీతలోనే చెడిపోయిన పన్ను ఉండిపోయి ఉంటుంది. దవడ మూలలో జ్ఞానదంతం దగ్గర ఇది ఎక్కువ.

పొగ తాగేవాళ్లకు, షుగరు అదుపులో లేనివాళ్లకు, పళ్లు శుభ్రంగా ఉంచుకోనివాళ్లకు ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువ వస్తాయి. తిట్టడానికి చెప్పడం లేదు. మీ చేతిలో ఉన్నది చెప్తున్నాను.

రెండోది ప్లేటు బయటపడటం. చిగురు తెరుచుకుని లోపల బూడిద రంగు లోహం కనిపిస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే అశ్రద్ధ చేస్తారు. ఎముక అతకని తొలి వారాల్లో అయితే పుక్కిలిస్తూ, శుభ్రంగా ఉంచుతూ నెట్టుకొస్తాం. అతికాక అలా తెరిచి ఉన్న ప్లేటును ఉంచడంలో అర్థం లేదు.

చేతికి తగలడం, చలికి జిల్లుమనడం కనుబొమ్మ చివర, కంటి కింది అంచు దగ్గర పెట్టిన ప్లేట్ల ఫిర్యాదు. అక్కడ చర్మం చాలా పల్చన. ముఖం కడుక్కునేటప్పుడు గరుగ్గా తగులుతుంది, కళ్లజోడు ఒరుసుకుంటుంది. లోహం కండ కన్నా త్వరగా వేడినీ చల్లదనాన్నీ మోస్తుంది కాబట్టి చలిగాలి తగిలితే ఆ చోట ప్రత్యేకంగా సలుపుతుంది. ఇది ప్రమాదం కాదు. తీయాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఒకాయనకు అది పట్టనే పట్టదు, ఇంకొకాయనకు అద్దంలో చూసుకున్న ప్రతిసారీ ఆ దెబ్బ రోజే గుర్తొస్తుంది. ఆ రెండో మనిషి బాధను 'ఇది వైద్య కారణం కాదు' అని కొట్టిపారేసే సర్జన్లతో నేను ఏకీభవించను. ముప్పులు చెప్పాలి, విన్నాక ఆయన కావాలంటే తీయాలి.

పళ్ల ఇంప్లాంటు స్క్రూ దిగాల్సిన దారిలో ప్లేటు స్క్రూ అడ్డొస్తే అది తీయక తప్పదు, పైన పెట్టుకునే కట్టుడు పళ్లు ప్లేటు మీద ఒత్తుతున్నా అంతే. గడ్డం పక్కన దవడలోంచి బయటికొచ్చే నరం మీద ప్లేటు ఒత్తిడి ఉంటే పెదవి సూదులు గుచ్చినట్టు ఉంటుంది, అప్పుడు కూడా తీస్తాం. నోటి భాగంలో కాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వబోతుంటే, ఇబ్బంది పెట్టే ప్లేటు ఏదైనా ఉంటే అది ముందే తేల్చుకోవాలి. రేడియేషన్ తగిలిన దవడ ఎముక గాయం మానడం చాలా కష్టం.

తీయొద్దని నేను గట్టిగా చెప్పేది కంటి గూడు అడుగున పెట్టిన జాలీ గురించి. కంటి కింది ఎముక పగిలి కన్ను లోపలికి కుంగితే సన్నటి టైటానియం జాలీ వేస్తాం. ఆ జాలీ కన్నాలగుండా మచ్చ కండ పెరిగి, పైనున్న కంటి కొవ్వుకూ కండరాలకూ అతుక్కుపోతుంది. దాన్ని తీయడమంటే ఆ అతుకులన్నీ విడదీయడం. పక్కనే చూపు నరం. జాలీ కండరాన్ని పట్టేసి రెండు రెండుగా కనిపిస్తుంటేనో, చీము పడితేనో, అది తప్పు చోట ఉంటేనో తప్ప దాన్ని ముట్టుకోకూడదు. 'లోపల లోహం ఉందట' అన్న ఒక్క భయంతో కన్ను దగ్గర ఆపరేషన్ అడగకండి.

పిల్లల విషయంలో నా మాట మారుతుంది. పిల్లల ముఖం పెరుగుతూ ఉంటుంది. పుర్రె ఎముకలు బయటి వైపు కొత్త పొర వేసుకుంటూ, లోపలి వైపు కరిగించుకుంటూ పెరుగుతాయి. పసిపిల్లల పుర్రెకు బయట పెట్టిన ప్లేటు కొన్నేళ్లకు ఎముక మధ్యలోకో, లోపలి వైపుకో చేరిపోవడం చూశాం. దవడల్లో ఇంకా రాని పళ్ల మొలకలు ఉంటాయి. పిల్లల ఎముక పెద్దవాళ్ల కన్నా త్వరగా అతుకుతుంది కాబట్టి, రెండు మూడు నెలలకే ప్లేటు తీసేయడం చాలామంది సర్జన్లు పాటించే పద్ధతి. నేనూ అదే పాటిస్తాను. పెద్దవాళ్లలా 'ఇబ్బంది వస్తే చూద్దాం' అని వదిలితే ఎముక దాన్ని పూర్తిగా కప్పేస్తుంది.

కరిగిపోయే ప్లేట్లు ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి. ఆ కోరిక చాలా పాతది. 1907లోనే లాంబొట్ అనే బెల్జియం సర్జన్ విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు పెట్టి చూశాడు. అది వారం రోజుల్లోనే కరిగి, చర్మం కింద గ్యాసు నింపేసింది. ఇప్పుడు వాడేవి లాక్టిక్ ఆమ్లం గొలుసులతో చేసిన పదార్థాలు. నీటితో విడిపోయి, చివరికి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా బయటికి పోతాయి. పిల్లల పుర్రె ఎముకలకు, పెద్ద బరువు పడని పై ముఖానికి ఇవి బాగుంటాయి. కింది దవడ బలానికి లోహమంత నమ్మకంగా ఉండవు, మందంగా ఉంటాయి, ఖర్చూ ఎక్కువే. మొదటి తరం వాటితో చెంప ఎముకలకు ఆపరేషన్ అయిన కొందరు మూడేళ్ల తర్వాత అదే చోట వాపుతో తిరిగొచ్చారు. పదార్థం సగం కరిగి ముక్కలుగా మిగిలిపోవడం దానికి కారణం. ఇప్పటి రకాలు మెరుగయ్యాయి. అయినా వీటితో రెండో ఆపరేషన్ అసలే రాదని హామీ ఇవ్వలేం.

ఇప్పుడు ఆపరేషన్ బల్ల దగ్గరికి తీసుకెళ్తాను. కింది దవడ ముందు భాగంలో ప్లేటు తీయాలనుకోండి. చాలాసార్లు లోకల్ మత్తుతోనే, కుర్చీలో కూర్చోబెట్టే చేసేయొచ్చు. దవడ మూలలోది, ఎక్కువ ప్లేట్లున్నది, నుదుటి దగ్గరిది అయితే పూర్తి మత్తు ఇవ్వడమే మంచిది. పాత గాటు మీదే కింది పెదవి లోపల కోస్తాం. మచ్చ కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, మామూలు కండలా విడిపోదు. దాన్ని ఎముక మీద నుంచి మెల్లగా లేపుకుంటూ పోవాలి. గడ్డం పక్కన నరం ఈ మచ్చలో చుట్టుకుని ఉండొచ్చు, కాబట్టి దాన్ని ముందు కనిపెట్టి కళ్లెదురుగా పెట్టుకోవాలి.

తెరిచాక చాలాసార్లు ప్లేటు కనిపించదు! నున్నటి ఎముకే కనిపిస్తుంది. దాని మీద సన్నటి పరికరంతో తట్టుకుంటూ పోతే ఒకచోట శబ్దం మారుతుంది. అక్కడ ఎముక పొరను చిన్న ఉలితోనో, నీళ్లు పోస్తూ చిన్న డ్రిల్‌తోనో చెక్కుతాం. ప్లేటు అంచు మెరుస్తుంది. ఆ తర్వాత ఒక్కో స్క్రూ తల. తల మధ్యలో ప్లస్ గుర్తు గాడి ఉంటుంది, అందులోకి కూడా ఎముక పెరిగి ఉంటుంది. చాలా తొందరగా చెడేది ఇక్కడే. గాడి శుభ్రం చేయకుండా స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే కొన అంచుల మీద జారి గాడిని అరగదీస్తుంది. ఒకసారి అరిగిందంటే ఆ స్క్రూ ఇక డ్రైవరుకు లొంగదు. అందుకే సూది మొనలాంటి పరికరంతో గాడి నాలుగు మూలలూ గీకి, నీళ్లతో కడిగి, డ్రైవరును నిలువుగా గట్టిగా అదిమిపట్టి, ముందు కాస్త బిగించే వైపు తిప్పుతాం. ఎముకతో ఉన్న పట్టు 'టిక్'మని విడుతుంది. ఆ విడుపు చేతికి తెలుస్తుంది. అప్పుడు విప్పే వైపు తిప్పితే నెమ్మదిగా వస్తుంది. తల విరిగి కాడ ఎముకలోనే ఉండిపోతే, అది చీము లేని చోటైతే, తరచూ అక్కడే వదిలేస్తాం. దాని కోసం దవడకు గొయ్యి తవ్వడం కన్నా అది మేలు. మీ సర్జన్ 'ఒక ముక్క లోపలే ఉంచాను' అని చెబితే కంగారుపడకండి, కాగితం మీద రాసిమ్మని అడగండి.

కాగితం అన్నాను కాబట్టి ఇది తప్పకుండా వినండి. ఒకావిడ దవడ ప్లేటు తీయించుకోవడానికి వచ్చారు. మొదటి ఆపరేషన్ వేరే ఊళ్లో, ఎప్పుడో. కాగితాలు ఏవీ లేవు. ఎక్స్-రేలో ప్లేటు కనిపిస్తోంది, కానీ అది ఏ కంపెనీదో తెలియదు. స్క్రూ తల గాడి కంపెనీని బట్టి మారుతుంది. దవడకు వాడే స్క్రూలు సాధారణంగా 2 మిల్లీమీటర్లు, చెంపకు 1.5, కంటి చుట్టూ ఇంకా సన్నవి. గాడికి సరిపడని డ్రైవరు పెడితే అది అరిగిపోవడం ఖాయం. ఆవిడ కోసం మేము దొరికినన్ని రకాల డ్రైవర్ల సెట్లు సిద్ధం చేసుకుని మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆపరేషన్ సమయంలో ప్యాకెట్ల మీద ఉండే ఇంప్లాంటు స్టిక్కర్లు మీ కేసు షీట్‌లో అంటిస్తారు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు వాటి ఫోటో ఒకటి ఫోన్‌లో తీసుకోండి. ఏ చోట ఎన్ని ప్లేట్లు, ఎన్ని స్క్రూలు, ఏ లోహం, ఏ కంపెనీ, ఏ సైజు అన్నవి ఆపరేషన్ నోట్స్‌లో రాసి ఉంటాయి, ఆ కాపీ కూడా అడిగి తీసుకోండి. అది మీ హక్కు.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: ముఖంలో ప్లేట్లు ఉంటే ఎంఆర్ఐ తీయించుకోవచ్చా సార్? ఎయిర్‌పోర్టులో మోగుతుందా?

టైటానియాన్ని అయస్కాంతం లాగదు. ఎంఆర్ఐ తీయించుకోవచ్చు. కాకపోతే ముందే టెక్నీషియన్‌కు చెప్పండి. ప్లేటు చుట్టూ బొమ్మ కాస్త చెదిరినట్టు వస్తుంది, ముఖానికే ఎంఆర్ఐ అయితే అది చూసేవాళ్లకు తెలియాలి. పాత స్టీలు ప్లేట్లయితే తప్పకుండా ముందు డాక్టరుతో మాట్లాడాలి. ఎయిర్‌పోర్టు ద్వారాల దగ్గర ఇంత చిన్న టైటానియం ముక్కలకు మామూలుగా మోగదు. మోగినా ఆపరేషన్ జరిగిందని చెబితే సరిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై దాటాయి. దవడలో ప్లేటు పెట్టి పన్నెండేళ్లయింది. ఏ నొప్పీ లేదు. ఇంకా పెద్దవయసు అయ్యాక ఇబ్బంది పెడితే ఆపరేషన్ కష్టం కదా, ఇప్పుడే తీసేద్దామా?

వద్దమ్మా. పన్నెండేళ్లు నెమ్మదిగా ఉన్నదాన్ని ముందుజాగ్రత్తగా తీయించాల్సిన పని లేదు. ఇన్నేళ్లలో దాని చుట్టూ ఎముక బాగా పెరిగి ఉంటుంది, పళ్లు పోయి దవడ సన్నబడి ఉంటే తీసేటప్పుడు దవడకే దెబ్బ తగలొచ్చు. కట్టుడు పళ్లు పెట్టించేటప్పుడు మాత్రం పళ్ల డాక్టరుకు ప్లేటు సంగతి చెప్పండి. చిగురు మీద పుండుగానీ పొక్కుగానీ కనిపిస్తే అప్పుడు తీసుకురండి.

ప్రశ్న: ప్లేటు తీశాక మళ్లీ ఎముక విరగదా? ఎన్నాళ్లు జాగ్రత్తగా ఉండాలి?

స్క్రూలు తీసిన చోట చిన్న రంధ్రాలు మిగులుతాయి. వాటిలో కొత్త ఎముక నిండటానికి కొన్ని వారాల నుంచి నెలల దాకా పడుతుంది. ఎముక ముందే అతికి ఉంది కాబట్టి మాట్లాడటం, మెత్తటి ఆహారం తినడం మొదటి రోజు నుంచే చేయొచ్చు. గట్టివి కొన్నాళ్లు ఆపండి. కొట్టుకునే ఆటలు, కబడ్డీ, ఫుట్‌బాల్ లాంటివి ఎప్పుడు మొదలుపెట్టాలో మీ సర్జన్ ఎక్స్-రే చూసి చెప్తారు, ఆ మాట దాటొద్దు. నోటి లోపలి కుట్లు చాలాసార్లు వాటంతటవే కరిగిపోయేవి వేస్తాం. రెండు వారాలు క్లోరెక్సిడిన్ అనే క్రిములను చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలించాలి, తిన్న ప్రతిసారీ నోరు కడగాలి. పొగ తాగేవాళ్లు గాయం మానేదాకా అయినా ఆపాలి. రెండు మూడు రోజులు వాపు పెరిగి తర్వాత తగ్గుతుంది. నాలుగో రోజు తర్వాత వాపు పెరుగుతూ ఉన్నా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా మరుసటి రోజు దాకా ఆగొద్దు.

ప్రశ్న: నాకు ప్లేటు తీశాక కింది పెదవి ఒకవైపు మొద్దుబారింది. ఇది తగ్గుతుందా?

ఎన్నాళ్లయింది? నెలన్నర. సరే. నరాన్ని పక్కకు జరిపినప్పుడు సాగడం వల్ల వచ్చే మొద్దుబారడం ఎక్కువమందిలో వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది. మొదట చీమలు పాకినట్టు, జివ్వుమన్నట్టు ఉంటుంది, అది నరం కోలుకుంటున్న లక్షణం. మీకు అలా మొదలైందంటున్నారు, మంచిదే. ఈలోగా వేడివేడివి తాగేటప్పుడు జాగ్రత్త, పెదవి కాలినా తెలియదు. తినేటప్పుడు కొరుక్కోకుండా చూసుకోండి. నెలకోసారి సర్జన్ దగ్గరికి వెళ్లి పెదవి మీద ఎక్కడిదాకా స్పర్శ వచ్చిందో పరీక్ష చేయించి రాయించుకోండి. మూడు నెలలకు కూడా ఏ మార్పూ లేకుండా పూర్తిగా మొద్దుగానే ఉంటే మాత్రం ఆరు నెలలు, ఏడాది అని ఎదురుచూడకుండా నరాల రిపేరు చేసే సర్జన్‌కు చూపించుకోవాలి, ఆలస్యమయ్యేకొద్దీ అక్కడ చేయగలిగింది తగ్గిపోతుంది. బయటికి వెళ్లేముందు ఒకసారి నా దగ్గరికి రండి, చూస్తాను.